మన్యానికి వేరే చట్టం ఎవరి కోసం?

1879 మార్చిలో గోదావరి జిల్లా రంప కొండల్లో పోలీసుల మీద దాడులు మొదలయ్యాయి. ఏప్రిల్ నాటికి గొడవ విశాఖ జిల్లా గొలుగొండ కొండలకు, జూలైకి భద్రాచలం తాలూకా రేకపల్లికి పాకింది. అణచడానికి మద్రాసు ప్రభుత్వం ఆరు పదాతి రెజిమెంట్లను, కొంత అశ్వదళాన్ని, సాపర్స్ అండ్ మైనర్స్ అనే సైనిక ఇంజనీరింగ్ దళాలను దించింది. అవి చాలక హైదరాబాద్ కంటింజెంట్ నుంచి కూడా బలగం తెప్పించుకుంది. ఇంత గొడవకు కారణమేమిటని విచారణకు వచ్చిన అధికారులు రాసుకున్న వాటిలో మొదటి వరసలో కనిపించేది కల్లు పన్ను.

కల్లు కోసం యుద్ధమా అని తేలిగ్గా తీసేయడానికి లేదు. కొండరెడ్లకు, కోయలకు కల్లు సరదాకి తాగేది మాత్రమే కాదు. ఎండాకాలంలో పోడు గింజలు అయిపోయాక, కొత్త పంట ఇంకా చాలా దూరంలో ఉన్నప్పుడు, జీలుగు, తాటి కల్లుతోనూ మామిడి టెంకల పిండితోనూ ఇళ్లు గడిచేవి. అంతవరకు చెట్టు ఎవరిదో వాళ్లే గీసుకునేవారు. కొత్త ఆబ్కారీ నిబంధనలు ఇంటి వాడకానికి కూడా కల్లు గీయకూడదన్నాయి, కల్లు మీద ఆదాయాన్ని కాంట్రాక్టర్లకు వేలం వేశాయి. కాంట్రాక్టర్లు వచ్చి చిగురుపన్ను వసూలు మొదలుపెట్టారు. రంప మన్సబుదారు, అంటే ఆ కొండల మీద పెత్తనం ఉన్న దొర, ఊరుకోకుండా, తనకు మొదలుపన్ను పేరుతో ఇంకొకటి కట్టాలన్నాడు. అది చిగురుపన్నులో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా ఉండేది. ఒకే చెట్టుకు ఇద్దరు వసూలుదార్లు తయారయ్యారు.

రెండో కారణం కోర్టు. మైదానం నుంచి వచ్చిన వర్తకులు కొండవాళ్లకు ఉప్పు, బట్ట, అప్పు ఇచ్చి చదువు రాని వాళ్ల చేత కాగితాలు రాయించుకునేవారు. తర్వాత పల్లంలోని సివిల్ కోర్టులో దావా వేసేవారు. సమన్లు అందాయో లేదో తెలియదు. అందినా రోజుల తరబడి నడిచి కోర్టుకు పోయేదెవరు? పోయినా అక్కడ మాట్లాడే భాష, నడిచే పద్ధతి తెలిసేదెవరికి? ఎక్స్‌పార్టీ డిక్రీలు, అంటే రెండో పక్షం రాకుండానే ఇచ్చే తీర్పులు, వచ్చేవి. కొన్ని రూపాయల బాకీకి పశువులు, గింజలు, ఇంట్లో ఉన్న సామాను అంతా జప్తు చేసి పోలీసు తోడుతో పట్టుకుపోయేవారు. కొండవాళ్లు దీనికి తప్పు పట్టింది వర్తకుడిని కాదు, సర్కారు చట్టాన్ని. ఎలాగూ బతకలేమని తేలిపోయాక కానిస్టేబుళ్లను చంపి చావడమే మేలు అనుకున్నారని విచారణ నివేదికలోనే ఉంది.

ఈ రెండు కారణాల్లోనూ తెల్లదొర నేరుగా కనిపించడు. దొర ఏడాదికోసారి గుర్రం మీద వచ్చి, దండు విడిది వేసి, జ్వరం తగిలించుకుని వెళ్లిపోయేవాడు. కొండమీది జనానికి ప్రభుత్వం అంటే కల్లు కాంట్రాక్టరు, షావుకారు, కోర్టు అమీను, పోలీసు జవాను, తర్వాతి రోజుల్లో ఫారెస్టు గార్డు. వీళ్లలో ఎక్కువమంది మైదానం నుంచి వచ్చిన తెలుగువాళ్లే. మన్యం చరిత్రను బ్రిటిష్‌వాళ్లకూ మనకూ జరిగిన పోరుగా చెప్పుకోవడం మనకు అలవాటైంది. ఆ ‘మన’లో షావుకారు ఎటు నిలబడ్డాడన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. వలస ప్రభుత్వం చట్టాలు చేసింది. ఆ చట్టాలతో లాభం తీసుకున్నవాళ్లు చాలావరకు కొండ కిందివాళ్లు.

అంతకు ముందు సంగతి కొంత తెలియాలి. ఉత్తర సర్కార్లు, అంటే గంజాం నుంచి దిగువకు ఉన్న కోస్తా జిల్లాలు, ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక వాళ్లకు కావలసింది శిస్తు. 1794లో బకాయిల గొడవ పద్మనాభం యుద్ధం దాకా వెళ్లి విజయనగరం రాజు చిన విజయరామరాజు అందులో చనిపోయాడు. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చింది. జమీందారు ఏడాదికి ఇంత అని పేష్కషు కట్టాలి, కట్టకపోతే ఎస్టేటు వేలం. మైదానంలో ఈ లెక్క ఎలాగో నడిచింది. కొండల్లో నడవలేదు. అక్కడి దొరలకు వచ్చే ఆదాయమే తక్కువ, నగదు ఇంకా తక్కువ. ఎస్టేటు వేలం వేస్తే కొన్నవాడు కొండెక్కి స్వాధీనం చేసుకోలేడు. గొలుగొండ జమీందారీని 1837లో బకాయిల కింద వేలం వేస్తే ప్రభుత్వమే కొనుక్కోవలసి వచ్చింది. ఆ కొనుగోలు తెచ్చిన గొడవలు 1845 నుంచి 1848 వరకు నడిచాయి.

1832లో పర్లాకిమిడి, విశాఖ జమీందారీల్లో చెలరేగిన అల్లర్లను అణచడానికి జార్జి రస్సెల్ అనే అధికారిని స్పెషల్ కమిషనర్‌గా పంపారు. తర్వాత 1835–37లో గంజాం జిల్లాలో గుంసూరు యుద్ధం వచ్చింది. అక్కడ కోందుల కొండల్లోకి మొదటిసారి కంపెనీ సైన్యం దిగింది. నరబలి ఆచారం ఉన్నట్టు బయటి ప్రపంచానికి తెలిసింది అప్పుడే. ఆ తర్వాత చాలా ఏళ్లు కొండజాతులంటే ప్రభుత్వ రాతల్లో మొదట కనిపించేది ఆ బలులే. వాటిని ఆపడానికి 1845లో ప్రత్యేక ఏజెన్సీ ఏర్పాటు చేసి 1861 దాకా నడిపారు. ప్రాణాలు కాపాడిన మాట నిజమే. అదే పనిమీద సైన్యం కొండల లోపలి దారులన్నీ తెలుసుకున్న మాట కూడా నిజమే.

రస్సెల్ సలహా మీద వచ్చిందే 1839 నాటి 24వ చట్టం. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి, కోర్టుల నుంచి తప్పించి కలెక్టర్ చేతిలో పెట్టింది. ఆ హోదాలో ఆయన పేరు గవర్నర్‌కు ఏజెంటు. శిస్తు, పోలీసు, సివిల్ తగాదాలు, క్రిమినల్ కేసులు అన్నీ ఆయనే చూస్తాడు. ఏజెన్సీ అనే మాట మన ఊళ్లలో స్థిరపడింది ఇలాగే.

దీన్ని గిరిజనుల రక్షణ కోసం చేసిన ఏర్పాటు అని చాలామంది రాస్తారు. చట్టం పుట్టిన సందర్భం చూస్తే అలా అనిపించదు. అది పాలన ఖర్చు తగ్గించుకునే ఏర్పాటు. కొండల్లో రోడ్లు లేవు. మలేరియా జ్వరానికి భయపడి మైదానపు గుమాస్తా కూడా అక్కడ పోస్టింగ్ అంటే టెన్షన్ పడేవాడు. వచ్చే శిస్తు కోర్టుల, సిబ్బంది జీతాలకు చాలదు. అందుకని మామూలు చట్టం తెచ్చి గొడవలు పెంచుకోవడం కంటే ఒక్క అధికారికి అన్ని అధికారాలు ఇచ్చి, అతని కింద స్థానిక దొరలతో పని నడిపించుకోవడం చవక. గొడవ లేకుండా ఉంటే చాలు, లోపల ఏం జరిగినా ఫర్వాలేదు అనే లెక్క.

ఈ చవక పాలనకు ఆధారం ముఠాదారులు. కొన్ని ఊళ్లు కలిస్తే ఒక ముఠా. దానికి పెద్ద ముఠాదారు. విశాఖ కొండల్లో గూడెం వైపు వీళ్లలో ఎక్కువమంది బగతలు, రంపలో కొండరెడ్లు. ముఠాదారు ప్రభుత్వానికి కట్టుబడి అనే చిన్న నిర్ణీత మొత్తం చెల్లిస్తాడు. రైతుల దగ్గర తాను వసూలు చేసుకుంటాడు. ఊళ్లో శాంతి తన పూచీ. బయటి గుంపులు వస్తే కబురు చెప్పాలి, అధికారి వస్తే కూలీలను, కోళ్లను, పాలను సమకూర్చాలి. రైతుకు భూమి మీద పట్టా ఉండదు. ముఠా ముఠాదారుది, అతనికి ఆ హక్కు ఇచ్చే పత్రం, అంటే సనదు, సర్కారుది. సర్కారు ఇష్టపడితే ఇస్తుంది, కోపం వస్తే తీసేస్తుంది. మన్యంలో ప్రతి ఫితూరీలోనూ (తిరుగుబాటులోనూ) ముఠాదారులు ముందు కనిపించడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది. వాళ్లు రైతుల మనుషులూ అవును, సర్కారు మనుషులూ అవును. సనదు పోయిన రోజున ఒక పక్షం మాత్రమే మిగులుతుంది. వాళ్లను పూర్తిగా జనం నాయకులుగా చూపించడమూ సరికాదు. వెట్టి చేయించుకున్నవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

రంపలో ఈ ఏర్పాటుకు ఇంకో అంతస్తు ఉంది. ముఠాదారుల మీద మన్సబుదారు. పాత మన్సబుదారు రామ భూపతి 1835లో చనిపోయాక వారసత్వ తగాదా వచ్చింది. ఆయనకు ఉంచుకున్నామెకు పుట్టిన కొడుకును ముఠాదారులు ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి గొడవలయ్యాక 1848లో ప్రభుత్వం దగ్గరుండి రాజీ కుదిర్చింది. ముఠాదారులు ఏడాదికి 8,750 రూపాయలు అతనికి కట్టాలి. ఆ తర్వాత అతను ఒక్కొక్క ముఠానే తన కింద కలుపుకుంటూ, కొత్త పన్నులు వేస్తూ పోయాడు. 1858లో, 1861–62లో అల్లర్లు జరిగాయి. ప్రతిసారీ ప్రభుత్వం మన్సబుదారు వైపే నిలబడింది, ఎందుకంటే ఒక్క మనిషితో వ్యవహారం సులువు.

రంప విషయంలో తరచూ తప్పిపోయే వివరం ఒకటుంది. అది 1839 చట్టం కిందికి రాలేదు. ఆ చట్టం గంజాం, విశాఖలకే. గోదావరి జిల్లా కొండలు మామూలు సివిల్ కోర్టుల కిందే ఉన్నాయి. అందుకే షావుకారు డిక్రీలు అక్కడ అంత తేలిగ్గా అమలయ్యాయి. దేశం మొత్తానికి 1874లో షెడ్యూల్డ్ డిస్ట్రిక్ట్స్ చట్టం వచ్చినా రంపను దాని కింద ఏజెన్సీగా మార్చాలని ఎవరికీ తట్టలేదు. తట్టింది తిరుగుబాటు తర్వాతే. తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన చంద్రయ్య 1880 ఫిబ్రవరిలో చనిపోయాడు. అంబుల్ రెడ్డి, పులికంట సాంబయ్య, తమ్మన్నదొర లాంటి నాయకుల గుంపులను ఒక్కొక్కటిగా వేటాడారు. కొందరిని అండమాన్ పంపారు. మన్సబుదారును తీసేసి, ముఠాదారులకు నేరుగా తక్కువ కట్టుబడితో సనదులు ఇచ్చారు. గోదావరి కొండలను కూడా ఏజెన్సీ చేశారు. రక్షణ చట్టం అక్కడికి చేరడానికి ముందు ఆరు రెజిమెంట్లు చేరవలసి వచ్చింది.

రేకపల్లి వాళ్లు రంపతో కలవడానికి కారణం కల్లు కాదు, పోడు. భద్రాచలం ప్రాంతం 1860 దాకా నిజాం ఏలుబడిలో, ఆ తర్వాత సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసుకు వచ్చింది. పాత పాలనలో పోడు మీద దాదాపు ఆంక్షలు లేవు. మద్రాసు వచ్చాక పోడు శిస్తు మూడింతలు చేశారు, కొన్ని చోట్ల చెట్లు కొట్టడమే వద్దన్నారు. జిల్లా మారిన అయిదేళ్లకే ఆ కోయలు తుపాకులు పట్టారు. కొండవాళ్లకు ప్రభుత్వ వ్యవహారాలు అర్థం కావు, ఎవరో రెచ్చగొడితే తిరగబడతారు అని అధికారులు రాసుకున్న మాటకు ఈ లెక్కే జవాబు. శిస్తు ఎంత ఉండేది, ఎంతయింది, ఎవరు పెంచారు అన్నది వాళ్లకు బాగానే తెలుసు.

అడవి సంగతి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే కల్లు పన్ను పోయినా ఇది పోలేదు. పోడు అంటే కొండవాలులో పొదలు, చిన్న చెట్లు నరికి, ఎండాక తగలబెట్టి, బూడిద మీద సామలు, చోళ్లు, కందులు, జొన్నలు కలిపి చల్లడం. రెండు మూడేళ్లు పండించి ఆ చోటు వదిలేస్తారు. అడవి మళ్లీ మొలిచి, కొన్నేళ్ల తర్వాత మళ్లీ అక్కడికే వస్తారు. జనం పలచగా, చోటు ఎక్కువగా ఉన్నంతకాలం ఈ చక్రం నడుస్తుంది. ఫారెస్టు అధికారికి కాలిన కొండ మాత్రమే కనిపించేది. తిరిగి మొలిచే ఏళ్లు అతని లెక్కలో బంజరు. అతనికి కావలసింది రైలు పట్టాల కింద వేసే స్లీపర్లు, టేకు, తోళ్ల పరిశ్రమకు కరక్కాయ, తంగేడు చెక్క.

1882 మద్రాసు అటవీ చట్టం ఈ రెండు చూపుల్లో ఒకదాన్నే చట్టం చేసింది. రిజర్వు ఫారెస్టుగా ప్రకటించాలంటే ముందు నోటిఫికేషన్ వేయాలి, హక్కులు ఉన్నవాళ్లు గడువులోగా క్లెయిమ్ పెట్టుకోవాలి, ఫారెస్టు సెటిల్‌మెంట్ ఆఫీసర్ విచారించాలి. కాగితం మీద న్యాయంగానే ఉంది. క్లెయిమ్ పెట్టడానికి చూపించే పట్టా మాత్రం ముఠా రైతు దగ్గర లేదు. ఏటా చోటు మారే పోడును ఏ సర్వే నంబరు కింద చూపిస్తాడు? గడువు అయిపోయాక ఆ అడవిలో అతను చేసేది ఏదైనా నేరమే. గొడ్డలి పట్టుకుని వెళ్లినా, పశువును తోలినా, నిప్పు పెట్టినా కేసు. కేసు పెట్టకుండా ఉండటానికి గార్డుకు మామూలు. కోడి, నెయ్యి, చింతపండు, ఒక రోజు కూలి. జరిమానా కంటే ఈ మామూళ్లే ఎక్కువ భారం. ఇవి ఏ రికార్డులోనూ ఎక్కవు కాబట్టి ప్రభుత్వ లెక్కల్లో మన్యం ప్రశాంతంగానే కనిపిస్తుంది, మళ్లీ ఫితూరీ లేచేదాకా.

అలాంటి లేవడాలు ఆ నలభై ఏళ్లలో చాలా ఉన్నాయి. 1886లో గూడెంలో పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది. 1900లో విశాఖ ఏజెన్సీలో కొర్రా మల్లయ్య అనే కొండదొర చుట్టూ వేలమంది చేరారు. తాను పాండవుల్లో ఒకడి అవతారమని, తన పసిబిడ్డ కృష్ణుడని, చేతిలో వెదురు కర్రలు తుపాకులవుతాయని, సర్కారు తుపాకుల్లో నీళ్లు వస్తాయని చెప్పాడట. పోలీసులు కాల్చితే 11 మంది చచ్చిపోయారు. జిల్లా గెజిటీరులో ఈ కథ మూఢనమ్మకానికి ఉదాహరణగా ఉంటుంది. ఇంగ్లీషువాళ్లను తరిమేసి తానే ఏలతానని అతను అన్నట్టు కూడా అందులోనే ఉంది. వెదురు తుపాకుల మాట దాకా వచ్చిన అధికారి కలం, వేలమంది అక్కడికి ఎందుకు నడిచి వచ్చారన్న దగ్గర ఆగిపోయింది. 1915–16లో లాగరాయి ఫితూరీ.

1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదిలీ, వడ్డీ చట్టం తెచ్చింది. కొండజాతి మనిషి తన భూమిని మరో కొండజాతి మనిషికే ఇవ్వాలి, బయటివాళ్లకు ఇవ్వాలంటే ఏజెంటు అనుమతి కావాలి. వడ్డీ ఏడాదికి నూటికి 24 మించకూడదు, వడ్డీ మీద వడ్డీ కుదరదు, మొత్తం వడ్డీ అసలును దాటకూడదు. వలస ప్రభుత్వం చేసిన వాటిలో గిరిజనులకు నిజంగా పనికొచ్చింది ఏదైనా ఉందంటే ఇదే. తర్వాత వందేళ్ల భూచట్టాలకు ఇది మూలం.

అయినా చట్టంలో ఒక మెలిక ఉంది. అక్రమ బదిలీని రద్దు చేయించే అధికారం ఏజెంటుదీ అతని కింది అధికారులదీ. కింది ఆఫీసులో గుమాస్తా ఎవరు, షావుకారుకు అతనితో సంబంధం ఏమిటి అన్నదాన్ని బట్టి చట్టం పని చేసేది. ‘అనుమతి ఉంటే తప్ప’ అన్న మినహాయింపులోంచి మనుషులు దూరారు. అప్పు నగదులో కాకుండా గింజల్లో ఇస్తే 24 శాతం లెక్క ఎవరు కడతారు? భూమి రాయించుకోవడం కుదరకపోతే మనిషినే రాయించుకున్నారు. అప్పు తీరేదాకా షావుకారు ఇంట్లో చాకిరీ చేసే ఈ పద్ధతిని నిషేధించడానికి 1940లో విడిగా మరో రెగ్యులేషన్ తేవలసి వచ్చింది.

1922 నాటికి గూడెం కొండల్లో కోపం అంతా రోడ్ల మీద పడింది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేస్తున్నారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ జనాన్ని బలవంతంగా పనికి తోలి, నామమాత్రపు కూలి ఇచ్చి, మిగిలింది మింగేవాడని ఫిర్యాదులు. కొండజనానికి ఆ రోడ్డుతో పని లేదు. రోడ్డు వస్తే లారీలో పోయేది కలప, పైకి వచ్చేది పోలీసు. అల్లూరి సీతారామరాజు ఆ ఆగస్టులో చింతపల్లి (22), కృష్ణదేవిపేట (23), రాజవొమ్మంగి (24) పోలీస్ స్టేషన్ల మీద వరసగా దాడి చేసి 26 తుపాకులు పట్టుకెళ్లిన సంగతి, సెప్టెంబర్ 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆఫీసర్లు చనిపోయిన సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

చెప్పవలసింది ఆయన వెనక ఉన్నవాళ్ల గురించి. రాజు పశ్చిమ గోదావరి వైపు నుంచి వచ్చిన క్షత్రియుడు, కొండవాడు కాదు. ఆయన వచ్చేనాటికే అక్కడ నలభై ఏళ్ల ఫితూరీల జ్ఞాపకం, సనదులు పోయిన ముఠాదారుల కుటుంబాలు సిద్ధంగా ఉన్నాయి. ముఠాదారీ పోగొట్టుకున్న గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర ఇందులో ముఖ్యులు. మన సభల్లో, విగ్రహాల్లో ఒక్క మనిషే కనిపిస్తాడు. మిగిలినవాళ్లు పేర్లు లేని విల్లంబుల గుంపు. మల్లుదొర అండమాన్ జైలు చూసి తిరిగివచ్చి, 1952 మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లాడు. ఈ ఒక్క సంగతి పాఠ్యపుస్తకాల్లో ఉన్నా మన్యం చరిత్ర వేరేగా అర్థమయ్యేది.

ఫితూరీని అణచడానికి మలబార్ స్పెషల్ పోలీసులను, తర్వాత అస్సాం రైఫిల్స్‌ను తెచ్చారు. ఊళ్ల నుంచి తిండి అందకుండా కట్టడి చేశారు, సాయం చేశారన్న అనుమానం మీద ఊళ్ల మీద జరిమానాలు వేశారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును పట్టుకుని కాల్చి చంపారు. జూన్‌లో గంటందొర చనిపోయాడు. అదే ఏడాది కొండ ప్రాంతాల్లో సివిల్ తగాదాలు ఎలా విచారించాలో చెప్పే ఏజెన్సీ రూల్స్ వచ్చాయి. వాటి సంగతి చివర్లో.

నిజాం రాజ్యంలో బ్రిటిష్ కలెక్టర్ లేడు. అయినా ఆదిలాబాద్ గోండులకు జరిగింది అచ్చం ఇదే. అడవిని రిజర్వు చేశారు, పోడు ఆపారు, పట్టాలు మైదానం నుంచి వచ్చినవాళ్లకు ఇచ్చారు. కొమురం భీం ఆధ్వర్యంలో బాబేఝరి, జోడేఘాట్ ఊళ్లవాళ్లు భూమి కోసం నిలబడితే 1940లో పోలీసులు కాల్చి చంపారు. ఆ తర్వాతే నిజాం సర్కారుకు విచారణ గుర్తొచ్చింది. యుద్ధకాలంలో శత్రుదేశ పౌరుడిగా హైదరాబాద్ రాజ్యం దాటకుండా ఉండవలసి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను గోండుల స్థితి మీద నివేదిక అడిగారు. 1943లో మార్లవాయిలో గోండుల చదువుకు కేంద్రం పెట్టారు, కొందరికి పట్టాలు ఇచ్చారు, 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ చేశారు. ముందు కాల్పులు, తర్వాత నివేదిక, ఆపైన చట్టం. రంప వరస ఇక్కడ కూడా మారలేదు.

ఢిల్లీ స్థాయిలో పేర్లు మారుతూ వచ్చాయి. 1919 చట్టంలో వెనకబడిన ప్రాంతాలు అన్నారు. 1935 చట్టంలో మినహాయించిన, పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు అన్నారు. తూర్పు గోదావరి, విశాఖ ఏజెన్సీలు రెండో రకంలోకి వచ్చాయి. అంటే ఎన్నికైన శాసనసభ చేసిన చట్టం గవర్నర్ చెబితే తప్ప అక్కడ వర్తించదు. దేశాన్ని ముక్కలు చేసే ఎత్తు అని కాంగ్రెస్ దీన్ని విమర్శించింది. ఆ విమర్శలో నిజం ఉంది. ఆ రోజుల్లో మద్రాసు శాసనసభలో భూస్వాములు, వర్తకుల పలుకుబడి ఎంతో తెలిసినవాళ్లకు మామూలు చట్టం కొండల్లోకి వస్తే ఏమవుతుందో కూడా తెలుసు. రెండు భయాల్లో దేన్ని ఎంచుకోవాలో కొండవాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం అయిదో షెడ్యూల్‌లో ఈ పద్ధతినే ఉంచింది, గవర్నర్‌కు రెగ్యులేషన్లు చేసే అధికారంతో సహా. 1917 చట్టం స్థానంలో ఆంధ్రప్రదేశ్ 1959లో 1వ నంబరు భూబదిలీ రెగ్యులేషన్ తెచ్చింది. 1963లో తెలంగాణ షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించింది. అయినా గిరిజనేతరుల మధ్య అమ్మకాల దారి తెరిచే ఉంది. శ్రీకాకుళం కొండల్లో గిరిజన ఉద్యమం రగిలిన తర్వాత 1970లో సవరణ వచ్చింది. అందరూ 1/70 అని పిలిచేది దీన్నే. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత అతనిదే. గిరిజనేతరుల మధ్య బదిలీ కూడా చెల్లదు. ముఠాలను కూడా దాదాపు అదే సమయంలో, 1969 రెగ్యులేషన్‌తో రద్దు చేసి, ముఠా రైతులకు రైత్వారీ పట్టాల (నేరుగా రైతు పేరున ఇచ్చే పట్టాల) దారి తెరిచారు. అంటే వలస ప్రభుత్వం చవక కోసం నిలబెట్టిన ఏర్పాటు స్వతంత్రం వచ్చాక కూడా ఇరవై ఏళ్లకు పైగా నడిచింది.

వేరే చట్టం ఉండటమే తప్పని వాదించేవాళ్లు ఈ రోజుల్లో పెరిగారు. 1/70 వల్ల ఏజెన్సీలో పెట్టుబడులు రావడం లేదన్నది వాళ్ల ఫిర్యాదు. 1879కి ముందు రంపలో ఉన్నది మామూలు చట్టమే, అది ఏం చేసిందో పైన చూశాం. చిక్కు చట్టం వేరుగా ఉండటంలో లేదు. దాన్ని కదిలించే తాళం కొండవాళ్ల చేతిలో లేకపోవడంలో ఉంది. బొర్రా గుహల దగ్గర అనంతగిరి మండలంలో ప్రభుత్వమే ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇస్తే, ఆపడానికి సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. 1997 జూలై 11న కోర్టు ఆ లీజులు చెల్లవంది. భూబదిలీ రెగ్యులేషన్‌లో ‘వ్యక్తి’ అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని, గిరిజనేతరులకు లీజు ఇచ్చే హక్కు దానికీ లేదని చెప్పింది. రక్షకుడిగా నిలబెట్టినవాడి నుంచే రక్షణ అడగవలసి రావడం 1839 ఏర్పాటులోనే ఉన్న లోపం. అన్ని అధికారాలు ఒక్క అధికారికి ఇచ్చినప్పుడు ఆయన తప్పు చేస్తే చెప్పుకునే చోటు ఉండదు.

2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. వలస కాలంలోనూ స్వతంత్ర భారతంలోనూ అడవులను ప్రభుత్వ అడవులుగా స్థిరపరిచేటప్పుడు అక్కడి జనం హక్కులను సరిగా గుర్తించలేదని అందులో రాశారు. పార్లమెంటు నోట ఇంత సూటిగా వచ్చిన ఒప్పుకోలు అరుదు. ఆ చట్టం కింద క్లెయిమ్‌ను ముందు గ్రామసభ పరిశీలించాలి. 1882 నాటి సెటిల్‌మెంట్ ఆఫీసర్ పద్ధతికి ఇది తలకిందులు. అయితే ఆఖరి మాట కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీది.

ఏజెన్సీ రూల్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1924లో వచ్చిన ఆ రూల్స్ స్వతంత్రం తర్వాత దశాబ్దాల పాటు ఆంధ్ర ఏజెన్సీలో సివిల్ తగాదాలకు ఆధారంగా కొనసాగాయి. వాటి ప్రకారం భూమి దావా వినేది జడ్జి కాదు, రెవెన్యూ అధికారి. పై విచారణ ప్రభుత్వ ఏజెంటు హోదాలో కలెక్టర్ దగ్గర. శిస్తు వసూలు చేసేదీ, భూమి రికార్డు రాసేదీ, ఆ రికార్డు తప్పని దావా వేస్తే విని తీర్పు చెప్పేదీ ఒకే శాఖ.